తలుపు వెనక పట్టీ

ఇరవై ఏడో కాగితం పట్టీ గోడకు అంటించి, నిచ్చెన దిగి, గోనెసంచిలో చెయ్యి పెట్టిన మేస్త్రికి ఏమీ తగల్లేదు. సంచి తలకిందులు చేసి దులిపాడు. రెండు దారప్పోగులు రాలాయి. పదో రోల్ లేదు.

"పదోది ఏదిరా?"

బల్ల దగ్గర జిగురు కలుపుతున్న బావమరిది తల ఎత్తలేదు. "తొమ్మిదే కదా బావా. నువ్వు చెప్పినన్నే తెచ్చాను."

మేస్త్రి మోకాళ్లు పట్టుకుని మెల్లగా నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్లుగా గోడలకు కాగితాలు అంటిస్తున్నాడు. ఒక్క గదిలోనూ ఒక్క పట్టీ తక్కువ పడలేదు. ఒకసారి ఒక మెట్ల హాలు చూసి ముగ్గురు పనివాళ్లు ఇరవై రోల్స్ అన్నారు, ముప్పై అన్నారు, కొట్టుకునేదాకా వచ్చారు. మేస్త్రి మెట్లెక్కి, దిగి, ఇరవై మూడన్నాడు. ఆఖరికి మిగిలింది జానెడు ముక్క. ఆ రోజు నుంచి షాపులో ఎవరైనా రోల్స్ ఎన్ని కావాలో తేల్చుకోలేక నసుగుతుంటే, మేస్త్రి చెప్పాడా అని అడిగేవాళ్లు. చెప్పాడంటే ఇక మాట ఉండేది కాదు.

గదిలోకి రాగానే తలుపు మూసి, ముందు మూలలు చూసేవాడు. నాలుగు మూలలూ సరిగ్గా కుదిరిన గది తన జన్మలో చూడలేదనేవాడు. ఆ తర్వాతే గుడ్డ టేపు తీసేవాడు. దాని మొదటి పది సెంటీమీటర్లు ఎప్పుడో చిరిగిపోయాయి. పది దగ్గర మొదలుపెట్టి మనసులోనే తీసేసుకునేవాడు. కొత్త టేపు కొనుక్కోమంటే, దీనికి నా సంగతి తెలుసు అనేవాడు.

ఇప్పుడు ఆ టేపే మళ్లీ తీశాడు. గది చుట్టుకొలత పద్నాలుగున్నర మీటర్లు. పట్టీ వెడల్పు యాభై మూడు సెంటీమీటర్లు. ఇరవై ఎనిమిది పట్టీలు. గోడ ఎత్తు మూడు మీటర్లకు కాస్త తక్కువే గానీ, కాగితం మీది ఆకుల బొమ్మ పక్క పట్టీతో ఆకుకు ఆకు కలవాలంటే మూడు మీటర్ల ఇరవై కోయాలి. పది మీటర్ల రోల్‌కు మూడు పట్టీలు. తొమ్మిది రోల్స్‌కు ఇరవై ఏడు. పదోది ఉండి తీరాలి. ప్రతి రోల్ చివర వృథా పోయే ముక్క సంగతి మర్చిపోయి, మొత్తం మీటర్లను పదితో భాగిస్తేనే తొమ్మిది వస్తుంది. అది పనిలోకి వచ్చిన మొదటి నెలలో చేసే తప్పు.

తానే తొమ్మిదని చెప్పి ఉంటాడా?

వాళ్ల నాన్నదీ ఇదే పని. చివరి రోజుల్లో ఆయన నాలుగు గోడల గదికి మూడు గోడల కాగితం తెప్పించి, నాలుగో గోడ ముందు నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లెక్క తప్పే రోజు రాకముందే టేపు చుట్టేయాలని మేస్త్రి ఆనాడే అనుకున్నాడు. ఈ ఏడాది మోకాళ్లు మొరాయిస్తే లోలోపల సంతోషించాడు కూడా, లెక్కకంటే ముందు కాళ్లే పోయాయని. ఇదే ఆఖరి గది అని అందరికీ చెప్పేశాడు.

రంగు తేడా రాకుండా ఒకే లాటులో తీసుకున్న కాగితం ఇది. ఆ లాటు అయిపోయిందని షాపతను ముందే చెప్పాడు. ఇంటావిడ తల్లి రేపు ఆసుపత్రి నుంచి నేరుగా ఈ గదికే వస్తుంది.

మేస్త్రి లేచాడు. తలుపుకు, కిటికీకి కోసేసిన ముక్కలను చుట్టి మూలన పెట్టి ఉంచాడు. కొలత వేసిన రోజు ఇంటావిడ, తలుపున్న చోట కాగితం ఎందుకు, లెక్కలో తీసేయమంది. ఉండనివ్వండమ్మా, తలుపు మన మనిషే అని నవ్వాడు.

తలుపు ముక్క కింద, కిటికీ ముక్క పైన పరిచాడు. ఆకు కలిసేదాకా జరిపాడు. కత్తి తిన్నగా లాగలేదు. కాడ వెంట, ఆకు అంచు వెంట, పువ్వు చుట్టూ తిప్పుకుంటూ పోయాడు. గంట పట్టింది. రెండు ముక్కలూ కలిపి పెట్టాక, పక్కన నిలబడి చూస్తున్న బావమరిదికే అతుకు ఎక్కడుందో కనబడలేదు. అతని మొహంలో మాత్రం సంతోషం లేదు.

ఏ గదిలోనైనా మేస్త్రి ఆఖరి పట్టీ తలుపు వెనకే వేస్తాడు. అది వేసే ముందు, మళ్లీ ఎప్పుడో ఆ కాగితం పీకేవాడి కోసం, ఎన్ని రోల్స్ పట్టాయో గోడ మీద రాస్తాడు. చెవి మీది పెన్సిల్ తీసి రాశాడు.

తొమ్మిది. ఒక పట్టీ తక్కువ పడింది. తప్పు లెక్క నాది.

"జిగురు తేరా," అన్నాడు.

బావమరిది కదల్లేదు. ఆ మూడు మాటలూ రెండుసార్లు చదివాడు. తర్వాత బయటికి వెళ్లి, సైకిల్‌కు కట్టిన తువ్వాలు మూట విప్పి, రోల్ తెచ్చి మేస్త్రి కాళ్ల దగ్గర పెట్టాడు.

మేస్త్రి దాన్ని చూశాడు. కోపం రావడానికి ముందే నవ్వు వచ్చేసింది. "అయితే పదే."

"పదే బావా."

"నాన్నలా అయిపోయాననుకున్నాను కదరా, వెధవా." కళ్లు తుడుచుకున్నాడు. తడిగుడ్డతో గోడ మీది రాత కూడా తుడిచేశాడు.

"కొత్తది విప్పనా?"

"వద్దు. అతుకు కుదిరింది. అది అమ్మగారి బీరువా మీద పెట్టు, ఎప్పుడైనా గోడకు దెబ్బ తగిలితే పనికొస్తుంది." పెన్సిల్ అతని చేతిలో పెట్టాడు. "నువ్వు చేసింది నాకు కాదు, గోడకి చెప్పు. రాసి, ఆ పట్టీ నువ్వే వెయ్యి."

"ఎవడు చదువుతాడు బావా?"

"పీకేవాడు. వాడూ మన పనివాడేగా."

మేస్త్రి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆన్చి దిగుతున్న చప్పుడు కాసేపు వినబడి, ఆగిపోయింది. బావమరిది గోడ వైపు తిరిగాడు. అతని రాత వంకర. చాలాసేపు రాశాడు.

"రోల్స్ పది. లెక్క మా బావది, సరిగ్గా సరిపోయింది. పదోది దాచి, అబద్ధమాడింది నేను. పని మిగిలితే రేపు కూడా వస్తాడనుకున్నాను. ఇరవై రెండేళ్లు ఆయన పక్కన జిగురు కలిపాను, నాకు ఇంకో మేస్త్రి తెలియడు. ఈ పట్టీలో ఒక అతుకుంది, చేతనైతే కనిపెట్టండి. పెన్సిల్ ఆయనదే. బొటనవేలంత మిగిలింది, నాకిచ్చి వెళ్లాడు."