పందెం రోజు తెల్ల దుప్పటి

రుజిత్సాకు సవతి ఉంది. ఊళ్లో ఎవరూ ఆ మాట అనరు గానీ, ఆమె మాత్రం వంటింట్లో గిన్నెలతో అంటూనే ఉంటుంది. ఆ సవతికి బూడిద రంగు ఒళ్లు, ఎర్రటి కాళ్లు, తెల్లటి తోక. పేరు దొరసాని. ఆ పేరు పెట్టింది రుజిత్సా మొగుడు ఒబ్రాద్.

తీసా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో మగవాళ్లు పావురాలు పెంచడం వింతేమీ కాదు. పొద్దున వదిలితే ఆకాశంలో చుక్కలైపోయి, సాయంత్రం దాకా దిగని జాతి పావురాలవి. వింతల్లా ఒబ్రాద్ వాటిని పెంచే తీరు. పెళ్లాం జ్వరంతో మూలుగుతుంటే "వేడిగా ఏదైనా తాగు, అదే పోతుంది" అన్న మనిషి, దొరసాని ఒక పూట గింజలు ముట్టకపోతే పట్నం పరిగెత్తి పశువుల డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. దాని ముక్కు తన పెదాల దగ్గర పెట్టుకుని "నా బంగారం, నా తల్లి" అని గారాలు పోతాడు. ఆ మాటలు రుజిత్సా ఆఖరిసారి ఎప్పుడు విన్నదో ఆమెకే గుర్తు లేదు. బహుశా పెళ్లికి ముందు.

మూడు వారాల కిందట ఆమె జడ కత్తిరించుకుంది. చిన్నప్పటి నుంచి నడుం దాకా వేలాడిన జడ. పట్నంలో కత్తెర పట్టుకున్న అమ్మాయి "నిజంగానా అమ్మా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. మెడ దాకా కత్తిరించుకుని, ఇంటికొచ్చి, ఒబ్రాద్ ముందు సూపు గిన్నె పెట్టి నిలబడింది. అతను సూపు జుర్రుకుంటూ, "దొరసాని కుడి రెక్కలో ఈక రాలింది, చూశావా?" అన్నాడు. చూడలేదంది. తనంతట తను చెప్పకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. చెప్పించుకుని చూసే చూపు ఎవడిక్కావాలి?

పందెం రోజు వచ్చింది. పక్క ఊరి నుంచి జీవశాస్త్రం మాస్టారు తిహోమిర్ న్యాయం చెప్పడానికి వచ్చాడు. పద్ధతి ఎప్పటిదే. మూడు పావురాల్ని పొద్దున్నే వదలాలి. ఎంతసేపు ఎగిరితే అంత గొప్ప. మూడింట్లో ఒక్కటి దిగినా ఆట ముగిసినట్టే. పెరట్లో రెండు పడక కుర్చీలు, వాటిలో వెల్లకిలా ఇద్దరు మగవాళ్లు, మధ్యలో రేగు సారా సీసా.

ఇంకో పద్ధతి ఉంది, అది ఆడవాళ్ల నెత్తిన పడేది. మామూలు రోజుల్లో పావురాల్ని దింపాలంటే గూటి కప్పు మీద ఒక తెల్ల పావురాన్ని చూపిస్తారు. తెలుపు కనబడగానే అవి దిగడం మొదలుపెడతాయి. అందుకని పందెం రోజున ఏ పెరట్లోనూ తెలుపు కనబడకూడదు. తెల్ల కోళ్లను కొట్టంలో పెట్టి మూస్తారు. బట్టలు ఆరెయ్యరు. ముసలమ్మలు సైతం తెల్ల రుమాలు తలకు కట్టుకోరు. రుజిత్సా కూడా ఆ పూట చావింటికి వెళ్లే నల్లగౌను తొడుక్కుని కాఫీ కాచింది.

"మాస్టారూ, ఒక్క మాట అడుగుతా, నవ్వకూడదు," ఆకాశం మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు ఒబ్రాద్. "మనుషులు ఎప్పటికైనా ఎగరగలరంటారా? విమానంలో కాదు. ఇదిగో, వీటిలాగా."

"నవ్వను. ఎగరలేరు."

"అంత ఠక్కున అనేస్తారేంటండీ! మా తాత పావురాలు పొద్దున లేస్తే మధ్యాహ్నానికి దిగిపోయేవి. ఎక్కువసేపు ఎగిరినవాటినే జత కట్టిస్తూ వచ్చాం. ఇప్పుడు చూడండి. మనుషుల్నీ అలాగే జత కట్టిస్తే?"

"మీ తాత పావురాలకి రెక్కలు ముందే ఉన్నాయయ్యా. ఉన్నదాన్ని మీరు సాగదీశారు. మనకేముంది సాగదియ్యడానికి?"

"చేతులున్నాయిగా!"

"అవి రెక్కలైతే చేతులు పోతాయి. పైగా నీ బరువు లేవాలంటే రొమ్ము పడవ ముక్కులా ఇంత ముందుకు పొడుచుకు రావాలి. ఎముకలు బోలుగా ఉండాలి. సరే, లక్షల ఏళ్లలో అదీ అవుతుందనుకో. మధ్యలో పుట్టేవాడి గతేంటి? సగం చెయ్యి, సగం రెక్క. పట్టుకోనూ లేడు, ఎగరనూ లేడు. వాణ్ణి ఏ పిల్ల చేసుకుంటుంది? పెళ్లి కాకపోతే వాడి రెక్క వాడితోనే పోతుంది."

"ఎందుకు చేసుకోదు?" వంటింటి కిటికీలోంచి వచ్చింది రుజిత్సా గొంతు. "నేను చేసుకోలేదూ? చేతులు పనికి రావు, రెక్కలు ఇంకా రాలేదు. ముప్పై ఏళ్లుగా వండి పెడుతున్నా!"

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒబ్రాద్ నవ్వలేదు. వింటేగా నవ్వడానికి. "అదిగో, అదిగో, ఇంకా పైకి లేచింది! నా తల్లే, నా బంగారమే!"

రుజిత్సాకు ఒళ్లు భగ్గుమంది. ఇతగాడికి రెక్కలు రాకపోవడమే మంచిదైంది, వచ్చుంటే ఏనాడో దాని వెంట పోయేవాడు, తను ఇక్కడ సూపు గిన్నెతో పైకి చూస్తూ నిలబడేది. చేతిలో గిన్నె పక్కన పడేసి పడగ్గదిలోకి వెళ్లి, భోషాణం తెరిచి, తన పెళ్లికి వాళ్లమ్మ నేసిచ్చిన తెల్ల నార దుప్పటి బయటికి లాగింది. కొట్టం వెనక్కి నడిచింది. కుర్చీల్లో ఉన్నవాళ్లకు ఆ చోటు కనబడదు. పైనున్నదానికి బాగా కనబడుతుంది.

దుప్పటిని తాడు మీద వేసింది. మడతల్లేకుండా పరిచింది.

ఎంతోసేపు పట్టలేదు. గాలిని చీల్చుకుంటూ ఏదో రాలినట్టయింది. రెక్కలు టపటపలాడాయి. చూస్తే, తాడు మీద, దుప్పటి అంచున, దొరసాని. పెనుగులాడకుండా రుజిత్సా చేతుల్లోకి వచ్చేసింది. బరువే లేదు. ఒళ్లంతా రొమ్మే, ఆ రొమ్మంతా గుండె దడే. ఇంతేనా? ఈ పిడికెడు ఈకల కోసమా నేనింత ఏడ్చింది? అనుకుంది. దగ్గర్నుంచి చూస్తే మెడ మీద ఆకుపచ్చా ఊదా మెరుస్తూ నిజంగానే అందంగా ఉంది. అది ఇంకా మండించింది.

"దొరసాని ఏదీ? రెండే కనబడుతున్నాయి మాస్టారూ!" అవతల్నుంచి ఒబ్రాద్ కేక. వెనకే పరుగు.

రుజిత్సా దుప్పటి తియ్యలేదు. తియ్యాలనిపించలేదు. రానీ, చూడనీ. అరవనీ, ఇల్లు ఎగిరిపోయేలా తిట్టనీ. తిట్టాలంటే ముందు తన ముఖం చూడాలిగా.

ఒబ్రాద్ వచ్చాడు. గాలికి ముఖాన కొట్టిన తెల్ల దుప్పటిని చేత్తో పక్కకు నెట్టాడు. నెట్టి, ఆమె చేతుల్లోంచి పావురాన్ని అందుకున్నాడు. "అలసిపోయావా బంగారం? గద్ద తరిమిందా నా తల్లీ?" అంటూ ఒక్కొక్క ఈకా విప్పి చూడసాగాడు. అది ఏం దుప్పటని గానీ, ఎవరు ఆరేశారని గానీ అడగనేలేదు. చేసిన ద్రోహం కూడా కనబడని కళ్లకు ఇక తానేం కనబడుతుంది? రుజిత్సాకు ఏడుపు ముంచుకొచ్చింది.

మాస్టారు ఆయాసపడుతూ కొట్టం మలుపు తిరిగాడు. దుప్పటిని చూశాడు. రుజిత్సా కళ్లు చూశాడు. ఒక్క క్షణం గడ్డం గోక్కున్నాడు.

"గూటి మీద కాకపోయినా దిగినట్టే. ఆట ముగిసింది ఒబ్రాద్," అని, గొంతు సవరించుకుని ఆమె వైపు తిరిగాడు. "వదినా, పొద్దున్నుంచి చెబుదామనుకుంటున్నా. జుట్టు కత్తిరించుకున్నట్టున్నారు. చాలా బావుంది. జడ వెనక ఇంత అందమైన మెడ దాక్కుందని ఎవరికి తెలుసు?"

ఈక మీద ఒబ్రాద్ వేలు ఆగిపోయింది.

"ఏ జుట్టు?" అన్నాడు. తలెత్తాడు. చూశాడు. "కత్తిరించేశావా? ఎప్పుడు?"

"మూడు వారాలైంది."

"మూడు వారాలా! నాకు తెలియంది ఈయనకెలా తెలిసింది?"

"ఆయన చూశాడు."

"చూశాడా?" ఒబ్రాద్ ముఖం కందగడ్డైంది. "ఏమండీ మాస్టారూ, మిమ్మల్ని పిలిచింది పైకి చూడ్డానికా, కిందికి చూడ్డానికా?"

"మధ్యమధ్యలో మెడ నొప్పెడుతుంది కదయ్యా," అని మాస్టారు టోపీ వెతుక్కునే వంకతో జారుకున్నాడు.

ఒబ్రాద్ వంగి, చేతిలో ఉన్నదాన్ని ఎక్కడ పెడుతున్నాడో చూడకుండానే నేల మీద దించేశాడు. పందెం పోయిన సంగతి అతనికి గుర్తే లేదు. రుజిత్సాను భుజాలు పట్టి వెనక్కి తిప్పి, మొరటు వేళ్లతో ఆమె మెడ తడిమి చూశాడు.

"ఇంకెవరెవరు చూశారే?"

"ఊరంతా," అంది రుజిత్సా హాయిగా.

నేల మీద నుంచి దొరసాని రెండడుగులు ముందుకేసింది. ఒబ్రాద్ బూటును ముక్కుతో పొడిచింది. అతను కాలు పక్కకు జరుపుకున్నాడు. అప్పుడది మెడ ఒక పక్కకు వంచి, ఎర్రటి కన్ను రుజిత్సా మీద నిలిపింది. ఆ చూపు రుజిత్సాకు కొత్తేమీ కాదు. మూడు వారాలుగా అద్దంలో చూస్తున్నదే.