మనిషిని జోకరు

బుర్ఖా లోపలివైపు జేబు కుడుతుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. జేబులోకి చెయ్యి దూర్చి లోతు చూసి, "ఇంకింత లోతు పెట్టు సఫూరా. చింతపండు ముద్ద పట్టాలె" అంది. నేను దారం పళ్లతో తెంపి, వేసిన కుట్టంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాను. విప్పడం, కుట్టడం నాకు కొత్త కాదు. బుర్ఖా నాది కాకపోవడం ఒక్కటే కొత్త.

అది నా తోడికోడలు వాజిదాది. ఆమె విమానమెక్కి దుబాయ్ పోతోంది. నా మరిది ఘనీ దగ్గరికి పోతోంది అనాలి గానీ, నా నోటికి ఆ మాట రావడం లేదు. అక్కడ ఉన్నది ఘనీ ఒక్కడే కాదు, నా మొగుడు సత్తార్ కూడా. అన్నదమ్ములిద్దరిదీ ఒకే సేఠ్, ఒకే ఇల్లు. అసూయా అని ఎవరైనా అడిగితే దాచను. అసూయే. ఆ అసూయతోనే ఆమెకు జేబులు కుడుతున్నాను.

"విమానపోళ్లు పెట్టెను జోకుతరు గని మనిషిని జోకరు" అని మా మామ అజీముద్దీన్ అంటుంటాడు. జోకడమంటే తూచడం. ఎల్లారెడ్డిలో ఆయనది దూది దుకాణం. ఇంటి వసారాలోనే దూది జోకే పెద్ద కాంటా వేలాడుతుంటుంది. దుబాయ్ పోయేవాళ్ల పెట్టెలన్నీ ముందు దాని మీదికి ఎక్కాల్సిందే. విమానంలో మనిషికి ఇరవై కిలోలే ఊరికే తీసుకుపోతారు. అది దాటితే కిలోకింత అని బొంబాయిలోనే కక్కిస్తారు. సత్తార్ మొదటిసారి పోయినప్పుడు అట్లాగే పట్టుకున్నారు. కట్టడానికి మనసొప్పక, నేను దంచిన కారప్పొడి, పట్టిన పచ్చడి అన్నీ అక్కడే నేల మీద పెట్టేసి పోయాడు. ఆ సంగతి విని మామ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పచ్చడి పోయినందుకు కాదు, దాన్ని బొంబాయి దాకా రైల్లో మోసిన కూలి పోయినందుకు.

రెండోసారికి నేనే ఒక ఉపాయం చేశాను. మామ పాత కోటుకు లోపలంతా జేబులు కుట్టి, బరువైనవన్నీ వాటిలో పెట్టాను. సత్తార్ ఎండాకాలంలో కోటు తొడుక్కుని, చెమటలు కక్కుతూ కామారెడ్డి స్టేషన్‌లో నిలబడితే అందరూ పెళ్లికొడుకును చూసినట్టు చూశారు. పైసా కట్టకుండా దాటిపోయాడు. అంతే, అప్పటినుంచి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు గల్ఫ్ పోయినా బట్టలు నా దగ్గరికి రావాలి, పెట్టె నా చేతుల మీదుగా సర్దాలి. గిన్నెల్లో గిన్నెలు, బూట్లలో వెల్లుల్లిపాయలు. ఎవరైనా "సఫూరాకు కూలి ఎంత ఇయ్యాలె?" అంటే అత్త నొచ్చుకునేది. "కూలేంది? మా కోడలు చేతిపని. ఇంట్ల కూసొని చేసేదే గదా" అనేది. పొయ్యి ముందు, మిషను ముందు నేను కూర్చునే ఉంటాను మరి, అబద్ధమేం కాదు.

వాజిదా పోవాలని తేల్చింది ఎవరో కాదు, సత్తారే. మండలాలు కొత్తగా వచ్చిన ఏడాది అది. ఉత్తరం రాయడం ఎప్పుడో మానేసి, మాటలు క్యాసెట్‌లో పట్టి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. వసారాలో అందరం టేప్ రికార్డర్ చుట్టూ కూర్చున్నాం. నేను ఒక పక్కకు, తలుపు వెనక. ఆయన గొంతు గరగరమని వచ్చింది. "బాపూ, సేఠ్ ఒక్క ఫ్యామిలీకి వీసా ఇస్తనన్నడు. వాజిదాను పంపుండ్రి. దాని బిడ్డ ఇంకా రెండేండ్ల లోపట్నే ఉన్నది, ఒళ్లె కూసుంటది, టికెట్ నామ్‌కే వాస్తే. అదే సఫూరా అంటే తాహేరాకు సగం టికెట్ పడతది. ఊకెనే దండుగ. మా ఇద్దరికి వంట ఎవలు చేస్తేంది, కడుపు నిండితె సాలు. సఫూరా, నువ్వు సమజ్‌దార్‌వి, నీకు చెప్పేదేమున్నది." అత్త ఆ ఆఖరి ముక్కను వెనక్కి తిప్పి మళ్లీ వినిపించింది. "విన్నవా? సమజ్‌దార్ అంటుండు నిన్ను" అంది, ఏదో బంగారం పంపినట్టు.

నేను వంటింట్లోకి పోయి అన్నం వార్చాను. గంజి వేళ్ల మీద పడేదాకా నేనేం చేస్తున్నానో తెలియలేదు. తాహేరా ఒళ్లో ఉన్నప్పుడు ఈ ఒళ్లో టికెట్ సంగతి ఆయనకు ఎందుకు తట్టలేదు? అప్పుడు నేను వస్తానంటే, "చంటిపిల్లతోని పరాయి దేశంల ఏం తిప్పల పడతవు, జర పెద్దగ కానీ" అన్నాడు. పెద్దగయింది. ఇప్పుడు సగం టికెట్. పన్నెండు దాటితే పూర్తి టికెట్. నా కూతురు పెరిగినకొద్దీ నేను ఆయనకు ఖరీదైపోతున్నాను. చంటిదైతే తిప్పలు, పెద్దదైతే దండుగ. మధ్యలో నేను పోదగిన రోజు ఒక్కటైనా ఉన్నదేమో, ఆ రోజు నేను ఎవరి పెట్టె సర్దుతున్నానో.

వంట ఎవరు చేస్తే ఏమిటట! అదే నన్ను కాల్చింది. వాజిదా ఇక రోజూ ఆయనకు వడ్డిస్తుంది. కూరలో ఉప్పు తక్కువైతే ఆయన నోటితో అనడు, పళ్లెం కొంచెం ముందుకు తోస్తాడు. ఆ సంగతి నాకు మాత్రమే తెలుసు అనుకునేదాన్ని. ఇక ఆమెకు తెలుస్తుంది. ఆయన తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయో లేదో నాకన్నా ముందు నా తోడికోడలు చూస్తుంది. ఆయన దగ్గితే ఆమె లేచి నీళ్లిస్తుంది. తప్పు ఆలోచన ఏమీ కాదు, ఆమె మంచిదే, ఆయనా మంచివాడే. అయినా సరే, పొద్దున లేచి ఆయన ముఖం చూసే హక్కు ఆమెకు వచ్చింది, నాకు క్యాసెట్ వచ్చింది.

వాజిదా ప్రయాణానికి ముందు డోంగ్లిలో తల్లిగారింటికి పోయింది. బుర్ఖా కొలతకు మనిషి లేదు. "మీరిద్దరు ఒక్కతీరుగనే ఉంటరు గదా, నీ ఒంటిమీద చూసుకో" అంది అత్త. నేను వాజిదా కంటే జానెడు పొడుగు. ఒకే ఇంట్లో ఇన్నేళ్లు ఇద్దరం అటూ ఇటూ తిరుగుతున్నా ఆ సంగతి ఎవరూ చూడలేదు. నేనూ చెప్పలేదు. నా పొడుగుకే గుడ్డ కత్తిరించాను. కత్తెర నడుస్తుంటే లోపల ఎక్కడో హాయిగా కూడా ఉంది.

ఇంతలో పొట్లాలు రావడం మొదలైంది. అన్నదమ్ములుండే ఇంట్లోనే రెండో గదిలో మా దిక్కువాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఇంటి రుచి పంపాలి కదా. రాజమణి తన మొగుడు మల్లేశానికి పుంటికూర పచ్చడి తెచ్చింది. తండా నుంచి చంద్రి తన మొగుడు హర్యాకు ఎండుమిరపకాయలు తెచ్చింది. ఈరవ్వ కొడుకు కోసం తనే ఎండబెట్టిన చిక్కుడు ఒరుగులు కొంగులో మూట కట్టుకుని వచ్చింది. అన్నీ బుర్ఖా జేబుల్లోకి. పెట్టెలోకేమో మా ఇంటి జొన్నపిండి, నూనె డబ్బా, గిన్నెలు. నేను ఆయనకు పంపే పొట్లం మాత్రం ఎక్కడా పట్టలేదు. అత్తను అడిగితే, "నీదేమున్నది ఇంక, నీ చేత్తోని కుట్టిందే పోతున్నది గదా" అంది.

జేబులు నింపాక నన్నే తొడుక్కుని నడిచి చూపించమన్నారు. వాకిట్లో అటూ ఇటూ నడిచాను. "పక్కకు ఉబ్బుతున్నది, చెయ్యి అడ్డం పెట్టి నడువ్" అంది అత్త. విమానం మెట్లు ఎక్కడం ఎట్లాగో చూద్దామని దుకాణం మెట్లు ఎక్కించారు, దింపించారు. రాజమణి, చంద్రి పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మెట్లెక్కేటప్పుడు ఒక్క క్షణం, పైన తలుపు దగ్గర ఎవరో నిలబడి నన్ను లోపలికి రమ్మంటున్నట్టు అనిపించింది. పైన ఉన్నది మామ. "ఇగ కాంటా మీద కూసో బిడ్డా, ఎంతైందో సూద్దాం" అన్నాడు.

దూది బస్తా పెట్టే పలక మీద కూర్చున్నాను. ఒకసారి బుర్ఖాతో, ఒకసారి బుర్ఖా లేకుండా. మామ రాళ్లు మార్చి మార్చి పెట్టి, వేళ్ల మీద లెక్కేసుకుని, సంతోషంగా అరిచాడు: "నిన్ను తీసేస్తే తొమ్మిది కిలోలు! ఊకెనే పోతున్నయి తొమ్మిది కిలోలు!" తీసేసిన నేను ఎంతున్నానో ఎవరూ అడగలేదు. నలభై ఒకటి. పెళ్లప్పుడు ఇంతకంటే బరువుండేదాన్ని.

ప్రయాణం రేపనగా వాజిదా బిడ్డను చంకనేసుకుని డోంగ్లి నుంచి దిగింది. చేతులకు గోరింటాకు, కళ్లల్లో భయం. ఆ గోరింటాకు ఘనీ కోసమే పెట్టుకున్నా, మా ఆయన కూడా చూస్తాడు కదా అనిపించింది. అత్త బుర్ఖా తొడిగించింది. జానెడు గుడ్డ నేల మీద ఈడ్చుకుంటోంది. బిడ్డ తల్లి మోకాళ్లు పట్టుకుని ఎత్తుకొమ్మని ఏడ్చింది. వాజిదా వంగబోయింది, వంగలేకపోయింది. ముందు ఎండుమిరపకాయలు, వెనక చింతపండు, పక్కల పచ్చడి డబ్బాలు. బిడ్డ ఏడుస్తూనే ఉంది. నాకు లోపల ఒక మూల సంతోషం కలిగింది, ఎందుకు దాచాలి.

"అక్కా, ఇందుల నాదేమున్నది?" అని వాజిదా మెల్లగా అడిగింది. ఆమె తెచ్చుకున్న మూటను అత్త అప్పటికే పెట్టెలోంచి తీసి గూట్లో పెట్టేసింది. రెండు చీరలు, బిడ్డ ఉయ్యాల గుడ్డ, తల్లి ఇచ్చిన చిన్న తమలపాకుల పెట్టె. "బట్టలు ఆడ ఘనీ కొనిస్తడు తియ్, జాగ దండుగ" అంది అత్త. మళ్లీ అదే మాట, దండుగ. క్యాసెట్‌లో నా బిడ్డ టికెట్‌కు పడ్డ మాట. నేను వాజిదా ముఖం వంక చూశాను. పొమ్మన్నదాన్నీ సామాను కిందే లెక్కగట్టారు, ఉండమన్నదాన్నీ సామాను కిందే లెక్కగట్టారు. నా అసూయ మాత్రం పోలేదు. ఎట్లా పోతుంది, రేపు విమానం ఎక్కేది ఆమెనే కదా. కాకపోతే అది ఇంతసేపూ ఆమె మీదున్నది, ఇప్పుడు ఎవరి మీద ఉండాలో వాళ్ల మీదికి తిరిగింది.

"జానెడు లోపలికి మలిచి కుట్టెయ్ సఫూరా, పొద్దుమీకే లోపట అయితది" అంది అత్త.

"మలవను అత్తా" అన్నాను.

"ఏందీ?"

"ఇది నా కొలతకు కుట్టిన. నేను పోయేటప్పుడు తొడుక్కుంట."

నేను వాజిదా మీంచి బుర్ఖా విప్పి, జేబులు ఒక్కొక్కటీ ఖాళీ చేసి పొట్లాలన్నీ కాంటా పక్కన పేర్చాను. ఆమె ఊపిరి పీల్చుకుని బిడ్డను ఎత్తుకుంది. పోవడానికి డోంగ్లి నుంచి తొడుక్కొచ్చిన పాత బుర్ఖా ఉండనే ఉంది. మామ దుకాణంలోంచి పరుగున వచ్చాడు. "గివన్నీ ఎట్ల పోతయి మరి? మందికి ఏం చెప్పాలె?"

"పెట్టెల పెట్టుండ్రి మామా. ఇరవై దాటితే బొంబాయిల కట్టాలె."

కట్టాలె అన్న మాట వినగానే మామ గొంతు తగ్గిపోయింది. పెట్టె వంకా, పొట్లాల వంకా చూసి తల గోక్కుంటూ నమాజుకు పోయాడు. అత్త నన్ను తిట్టి తిట్టి, చంద్రితో, రాజమణితో ఏం చెప్పాలో చూసుకోవడానికి బయటికి పోయింది. ఆమె గడప దాటగానే వాజిదా జొన్నపిండి మూట బయట పెట్టి, తన మూట పెట్టెలో పెట్టుకుంది. ఈరవ్వ ఒరుగుల పొట్లం దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ ముసలామెను ఉసురు పెట్టేంత గుండె నాకు లేదు. దాన్ని కూడా పెట్టెలో దూర్చాను. వాజిదా తాళం వేసి చెవి కొంగున ముడేసుకుంది.

ఇక వాజిదా చేత పంపే జవాబు క్యాసెట్ మిగిలింది. ఇంట్లో అందరూ అప్పటికే మాట్లాడేశారు, ఆఖరున నా వంతు. నా వంతు ఎప్పుడూ చిన్నదే. ఆ క్యాసెట్లు అక్కడ మొగుడొక్కడే వినడు, అన్నం తింటూ రెండు గదులవాళ్లూ కలిసి వింటారు. అందుకే మా దిక్కు ఆడవాళ్లు ఎవ్వరూ దాంట్లో మనసులో మాట చెప్పరు. మేమంతా బాగున్నం, మీరు పైలం, అంతే. ఎనిమిదేళ్లుగా నేనూ అంతే చెప్పాను.

"ఏం చెప్తవక్కా?" అంది వాజిదా.

"విన్నంక అత్త చెరిపేస్తదేమో."

"నాకియ్యి. నా జాకెట్ల పెట్టుకుంట. మనిషిని జోకరు గదా" అని నవ్వింది. ఆ నవ్వు మా ఆయన రోజూ చూస్తాడని మళ్లీ చురుక్కుమంది. అయినా నేనూ నవ్వాను.

ఆమె బటన్ నొక్కి పట్టుకుంది. నేను సత్తార్ పేరు ఎత్తలేదు ముందు.

"మల్లేశన్నా, తమ్మీ హర్యా, ఆడున్న అందరికి సఫూరా సలాం. మీ ఇండ్లకెల్లి పొట్లాలు వచ్చినయి గని ఈసారి పంపలేదు. నా మీద కోపానికి రాకుండ్రి. అవ్విటిని మోసుకొచ్చే బుర్ఖా తయారుగనే ఉన్నది, నా కొలతకు కుట్టుకున్న. నేనొస్తెనే అవొస్తయి. నాకూ నా బిడ్డకూ టికెట్ ఎప్పుడు పంపుతడో మా ఆయన పక్కకే కూసున్నడు, అడుగుండ్రి. రోజూ అన్నం కాడ అడుగుండ్రి."