ఎఫీ నాన్నమ్మ తవ్వనివ్వని మూల

స్కాట్లాండ్ పక్కనున్న మా హెబ్రిడీస్ దీవిలో పెళ్ళి కుదిరితే మగపెళ్ళివాళ్ళు ఒక రోజు వచ్చి, ఆడపెళ్ళివాళ్ళ బురదనేలలో పొయ్యిలోకి మండే మట్టిగడ్డలు కోసిపెట్టాలి. అవే ఎండబెట్టుకుని చలికాలమంతా మండించుకుంటాం. అందుకే నేను చేసుకోబోయే రోరీ, వాళ్ళ తాత మర్డో పారలు పట్టుకుని వచ్చారు.

"ఎక్కడైనా కోసుకోండి, ఆ మూల తప్ప. అక్కడేం లేదు!" అంది మా ఎఫీ నాన్నమ్మ.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం మా నాన్నమ్మ దగ్గరే నేర్చుకోవాలి. ఆవిడ అన్న టోర్కిల్ ఓడెక్కి పోయి తిరిగి రాలేదని ఇంట్లో చెబుతారు. అసలు ఓడే ఎక్కలేదని, ఆ మూలనే మట్టికింద పడుకుని ఉన్నాడని ఊళ్ళో చెబుతారు. శవం బయటపడితే హంతకుల ఇంటి పిల్లని రోరీకి చేసుకుంటారా?

మర్డో తాత మొండిఘటం. వద్దన్నాక సరిగ్గా అక్కడే పార దింపాడు. ఠక్కుమంది. రోరీ టోపీ తీసేశాడు.

"తలకాయేనా?" అన్నాను కళ్ళు మూసుకుని.

"తలకాయకి మూతెందుకుంటుంది పెగీ?" అన్నాడు రోరీ.

తీరా చూస్తే చెక్క పీపా. నిండా వెన్న. మూత మీద మర్డో తాత వాళ్ళింటి గుర్తు, రెండు చేపలు.

"అరవై ఏడేళ్ళు!" అన్నాడు ముసలాయన. "ఇది నేనే మింగేశానని మా అమ్మ బెల్టుతో బాదింది. చచ్చేదాకా నా మాట నమ్మలేదావిడ, ఎఫీ."

"గాలికి కొట్టుకొచ్చి ఉంటుంది," అంది నాన్నమ్మ.

"మోకాలి లోతు నేలలోకా?"

"మా వైపు గాలి కాస్త ఎక్కువే."

అని, అంతలోనే భోరుమంది. "నేనే మర్డో! ఏడేళ్ళదాన్ని. ఒక్క వేలు ముంచుదామని ఎత్తుకొచ్చా. భయమేసి పాతేశా. కుళ్ళి మాయమైపోతుందనుకున్నా. ఆ బురదలో ఏదీ కుళ్ళదని నాకెవరు చెప్పారు?"

ఇక పెళ్ళి అయినట్టే అనుకున్నాను. శవమే దొరికినా బాగుండేది. మా దీవిలో హత్యనైనా క్షమిస్తారు గానీ వెన్న దొంగని క్షమించరు.

మర్డో తాత వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉప్పెక్కువ. మా అమ్మ ఎప్పుడూ ఇంతే."

నాన్నమ్మ పక్కనే తడినేల మీద చతికిలబడ్డాడు. ఆవిడ ఇంకా ఏడుస్తూనే ఉంది.

"ఇక ఏడుపాపి రొట్టె పట్రా, వియ్యపురాలా. దీనికి పడాల్సిన శిక్ష నాకెప్పుడో పడింది. తినడమే మిగిలింది."