సూచిన్‌కి చెప్పకూడని రెండో భాగం

తైనాన్‌లో జిన్‌యున్ అద్దె పుస్తకాల కొట్టు మధ్యాహ్నం భోజనాలయ్యాక తెరుచుకునేది. ఆవిడ ముందు ఫ్యాను వేసేది. తర్వాత వాపసు వచ్చిన నవలల అట్టలు తుడిచేది. ఆపైన ప్రేమకథల అర పక్కన నిలబడి ఉండే సూచిన్ కాళ్ళ కింద తడిసిన తువ్వాలు తీసి పొడిది వేసేది. సూచిన్ కాలవలో పడి చనిపోయిన పిల్ల, ఓ నవల్లో నాయిక. ఆ నవల పేటలో ఆడవాళ్ళందరి చేతులూ మారాక ఓ రోజు తనే వచ్చి ఆ మూల నిలబడింది. జుట్టులోంచి ఎప్పుడూ నీటిబొట్లు రాలుతుండేవి. పుస్తకం కావలసినవాళ్ళు "కాస్త జరుగమ్మా" అనేవాళ్ళు, ఆమె జరిగేది.

ఆ నవల్లో సూచిన్ తల్లి, పెళ్ళికాకుండా పోయిన కూతురి వెంట్రుకను ఎర్ర కవరులో పెట్టి రోడ్డు మీద పడేస్తుంది. ఓ టాక్సీ డ్రైవరు దాన్ని తీస్తాడు. అక్కడి ఆచారం ప్రకారం, తీసినవాడు పోయిన పిల్లను పెళ్ళాడి తీరాలి. తర్వాత బతికున్న అమ్మాయిని చేసుకోవచ్చు గానీ, పెద్ద భార్య మాత్రం పోయినామే. రెండోది ఆమెను అక్కా అని పిలవాలి. పెళ్ళితో మొదటి భాగం అయిపోయింది, అందరూ హాయిగా ముక్కులు చీదుకున్నారు.

తంటా అంతా రెండో భాగంతో వచ్చింది. అందులో ఆ డ్రైవరు ఓ పంతులమ్మను కట్టుకుని, పెళ్ళాం గుర్తుగా ఇంట్లో ఉంచి కొలవాల్సిన, సూచిన్ పేరు చెక్కిన పలకను ఎక్కడో కొండమీది గుడిలో వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా దిగొచ్చేస్తాడు.

పుస్తకం చివరి ఖాళీ పేజీ పెన్సిల్ రాతలతో నిండిపోయింది. "ఈ రచయిత్రి మొహం మళ్ళీ చూడను" అని ఒకరు. "చచ్చినదాన్ని ఎన్నాళ్ళని మోస్తాడు పాపం" అని చేపల ఉండలమ్మే క్వో పిన్ని. దాని కిందే "నీ మొగుడు నిన్ను మొయ్యట్లా?" అని ఇంకెవరో. కాగితం మీదే ఈ పౌరుషమంతా. కొట్టులో మాత్రం గుసగుసలే, ఎందుకంటే సూచిన్‌కి ఇంకా సంగతి తెలీదు. తెలిస్తే ఏం చేస్తుందోనని అందరికీ భయం.

ఎదుటి సెలూన్‌లో తలలు రుద్దే వెన్‌శ్యాకి ఆ భయం లేదు. జిన్‌యున్ కొడుకు బోరెన్‌తో ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది. రెండో భాగం పూర్తిచేసిన రోజు నురగ చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"వీడూ ఒక మగాడేనా అత్తా! ఎలా వదిలేశాడో వినండి!" అంటూ చివరి పేజీ గడగడా పైకి చదివేసింది.

"నోరు ముయ్యవే!" అని క్వో పిన్ని అరిచేసరికే అంతా అయిపోయింది.

సూచిన్ జుట్టులోంచి బొట్లుగా రాలే నీరు ధార కట్టింది, అంతే.

 తైపేలో ప్రచురణకర్తలు వేడుకగా ఉంటుందని రెండో భాగంతో పాటు ఉత్త ఎర్ర కవరొకటి కానుకగా పంపారు. సొరుగులో దాచిన ఆ కవరును జిన్‌యున్ ఇక ఇంట్లో ఉంచుకునే ధైర్యం లేక, పట్టకారుతో తీసి పెరట్లో ఇనప కుంపట్లో కాల్చేసింది. పీడ వదిలిందనుకుని టీ పెట్టుకుంది.

ఆ కుంపట్లోనే ఆవిడ పోయిన పెనిమిటికి కాగితపు చొక్కాలు కాల్చి పంపుతుంది. అందులో కాల్చింది అవతలివాళ్ళకు చేరుతుందని కంగారులో బుర్రకు తట్టనే లేదు. మర్నాడు కొట్టు తెరిచేసరికి కవరు సూచిన్ చేతిలో ఉంది. ఆమె తన తల వెంట్రుకొకటి తీసి నెమ్మదిగా లోపల పెట్టుకుంటోంది.

"ఎంత పని చేశావు వదినా," అంది క్వో పిన్ని.

మగవాళ్ళు ఆ గడప తొక్కడం మానేశారు. జిన్‌యున్ కొడుక్కి "ఇటు రాకు" అని చెబుదామని వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే, పెళ్ళి కార్డులు తేవడానికి ప్రెస్సుకు వెళ్ళాడన్నారు.

సాయంత్రం వానలో బోరెన్ వచ్చాడు. గడప దాటగానే తడినేల మీద కాలు జారింది, ఎర్ర కవర్లలోని కార్డులన్నీ కొట్టంతా చెల్లాచెదురయ్యాయి.

"ముట్టుకోకురా!" అని కేకేసింది జిన్‌యున్.

"తడిసిపోతాయమ్మా," అంటూ రెండు చేతులా గబగబా ఏరేశాడు. చివరిదాని మీద అచ్చు లేదు. మంచులా చల్లగా ఉంది. మూతలోంచి పొడుగాటి వెంట్రుక వేలాడుతోంది. సూచిన్ చేతులు ఖాళీగా ఉన్నాయి. బోరెన్ అలాగే బెంచీ మీద కూలబడ్డాడు. కార్డులు చూద్దామని అప్పటికే వచ్చి ఆ బెంచీ మీదే కూర్చుని ఉన్న వెన్‌శ్యా మొహం పాలిపోయింది.

జిన్‌యున్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నువ్వు వెళ్ళిపో తల్లీ. పెళ్ళి తప్పిందని నిన్నెవరూ ఒక్క మాట అనకుండా నేను చూసుకుంటా."

వెన్‌శ్యా తలుపు వైపు చూసింది. ఎదురుగా సెలూన్ దీపం, నాలుగంగల్లో ఉంది. ఎవరూ ఆపరు. తర్వాత సూచిన్ వైపు చూసింది. ఆమె ఎవరి వైపూ చూడటం లేదు, కొండకు తీసుకుపోతారని ఎదురుచూస్తున్నదానిలా తలొంచుకుని నిలబడింది. ఆ డ్రైవరు మీద వెన్‌శ్యా కోపం ఇంకా చల్లారలేదు. భయమూ పోలేదు, పళ్ళు టకటకలాడుతున్నాయి.

"అక్కా," అంది. "ఎంతసేపని అలా నిలబడతావు? వచ్చి కూర్చో."

సూచిన్ వచ్చి వాళ్ళిద్దరి మధ్యా కూర్చుంది.