కాలు కింద పెట్టకుండా

"నీకు లైసెన్సెందుకు, నేను లేనా?" అన్నారు ఆయన, నేను ఆయన భోజనం డబ్బాకు మూత బిగిస్తుంటే.

ఉన్నారు. పదకొండేళ్లుగా ఉన్నారు. ఆయన ఉన్నారు కాబట్టే, డ్యూటీ దిగాక ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన గంటసేపు నిలబడటం నాకు అలవాటైంది. ఫోన్ చేస్తే "దారిలోనే ఉన్నా" అంటారు. వెనకాల మా ఇంటి టీవీ వినిపిస్తుంటుంది.

ఆయన ట్రాన్స్‌ఫర్ మీద సొంత రాష్ట్రం వదిలి, మా పాపతో భాష తెలియని ఈ ఊరికి వచ్చాం. నర్సును కాబట్టి నాకు పని తొందరగానే దొరికింది. మంచాన పడ్డ రోగులను ఇళ్లకు వెళ్లి చూసే జట్టులో ఈమధ్య ఒక చోటు ఖాళీ అయింది. ఎన్నాళ్లుగానో నేను కోరుకున్న పని అది. కానీ ఆసుపత్రి వాళ్లిచ్చే బండి మీద తిరగాలి కాబట్టి, గేర్ల బండి లైసెన్స్ ఉన్నవాళ్లకే ఇస్తారు. ఫోన్లో చెబితే అత్తగారు "నీకు గేర్లెందుకమ్మా, వాడు దింపుతాడుగా" అని నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వేయడం కూడా అంట్లు తోమడం లాంటి పనే. రోజూ ఉంటుంది, ఎవరికీ కనపడదు.

మా హెడ్ నర్సు మాత్రం "నేను నేర్పిస్తా, రా" అంది. ఈ ఊరి భాష కూడా నాకు ఆవిడే నేర్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలో తన బండి ఇచ్చేది. క్లచ్ వదిలిన ప్రతిసారీ బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయేది.

"అంత భయమేంటే? అదేమన్నా మీ ఆయన కోపమా? మెల్లగా వదులు!"

మూడో వారంలో రెండో గేరు పడింది. చిన్నపిల్లలా కేక పెట్టాను.

లైసెన్సు ఆఫీసులో గుమస్తా నా కాగితాలు తిరగేశాడు. "ఇవన్నీ మీ రాష్ట్రంవి. ఇక్కడ ఉంటున్నట్టు రుజువేది?"

అద్దె కాగితం ఆయన పేరు మీద ఉంది. కరెంటు ఆయన పేరు మీద, గ్యాసూ ఆయన పేరు మీదే. ఆ ఇంట్లో ఏ గిన్నె అడుగు ఎప్పుడు మాడిందో నాకు తెలుసు. నేను అక్కడున్నానని మాత్రం ఒక్క కాగితమూ చెప్పదు. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అటునుంచి అటే ఇంటి ఓనరమ్మ దగ్గరికి వెళ్లాను. కాగితం మళ్లీ రాయిద్దామంటూ ఆవిడ కళ్లజోడు సర్దుకుని "ముందు ఎవరి పేరు?" అంది.

"నాదే" అన్నాను.

ఆయన టీవీ చూస్తూ, చదవకుండానే సంతకం పెట్టారు.

పరీక్ష రోజున నేల మీద తెల్ల గీతలతో ఎనిమిది అంకె గీసి ఉంది. కాలు కింద పెడితే ఫెయిలే. వరుసలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. "ఇంట్లో వంట చేసుకోక" అన్నాడొకడు వెనకనుంచి, నాకు భాష రాదనుకుని. మొదటి మలుపులో బండి ఊగింది. చక్రం మీదనుంచి చూపు తీసి మలుపు చివర పెట్టాను. రెండో సున్నా తిరిగి వచ్చేసరికి ఒళ్లంతా తేలిపోతోంది!

"పాస్" అన్నాడు ఇన్‌స్పెక్టరు తల ఎత్తకుండా. గేటు బయట హెడ్ నర్సు వేసిన ఈలకు మాత్రం అందరి తలలూ లేచాయి.

కార్డు చేతికొచ్చిన సాయంత్రం ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మంచిదే. ఇక పాపను బడిలో దింపడం, కూరగాయలు, అన్నీ నువ్వే చూసుకోవచ్చు." మంచి మనసుతోనే అన్నారు, అదే విచిత్రం.

"సోమవారం నుంచి పొద్దున ఆరింటికల్లా నేను నా మొదటి రోగి ఇంట్లో ఉండాలి. పాప జడా, డబ్బా, బడీ మీవే."

"నాకు జడ వేయడం రాదే!"

"నాకూ బండి రాదు. నేర్చుకున్నాను."

గోడ మేకుకున్న తాళం చెవి తీసుకుని, మెట్ల కింద ఉన్న ఆయన బండి మీద కవరు తీశాను. ఆయన గుమ్మంలోకి వచ్చారు.

"ఇప్పుడెక్కడికి? పాలున్నాయిగా?"

ఆ ప్రశ్నలో తప్పేం లేదు. పెళ్లయ్యాక పాలకో, మందులకో, ఉద్యోగానికో, ఏదో ఒక పనికో తప్ప నేను గడప దాటింది లేదు. ఎండ ఇంకా ఉంది. వీధి చివర రోడ్డు నేనెప్పుడూ వెళ్లని వైపు తిరుగుతోంది. కిక్ కొట్టాను.

"ఎక్కడికీ కాదు" అన్నాను. "ఊరికే."