పోయిరా దగ్గర ఆగే పాట

మా ఆయన సాగర్‌కు ఏదైనా పిచ్చి పట్టిందంటే ఇంటిల్లిపాదీ దాని వెంట పరుగెత్తాల్సిందే. నిరుడు పట్టింది పాత రికార్డుల పిచ్చి. దానికి కారణం మా మామ అంతయ్య. ఇచ్చోడలో ఆయనది మైక్ సెట్టు. చుట్టుపక్కల ఏ పెళ్లయినా ఆయన పాటలే మోగేవి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. సెట్టు ఎప్పుడో మూలబడింది, రికార్డులు మాత్రం అటక మీద ఉండిపోయాయి.

ముందు సూట్‌కేసులాంటి చిన్న ప్లేయర్ తెప్పించాడు ఈయన. మా అత్త కిష్టవ్వ అడిగి మరీ పెట్టించుకున్నది ఒకటే పాట, ఆడపిల్లను సాగనంపే పాట. అందులో ‘పోయిరా’ అన్న చోట రికార్డుకు గీత పడి ప్లేయర్ ముల్లు ఆగుతుంది. పోయిరా, పోయిరా, పోయిరా అంటూ అక్కడే తిరుగుతుంది. అత్త లేచి, చిటికెన వేలితో ముల్లును మెల్లగా జరిపి వచ్చి కూర్చునేది. ఇచ్చోడ ఆడవాళ్లు ఇప్పటికీ ఆ పాటను అట్లాగే, పోయిరా పోయిరా అని తిప్పి తిప్పి పాడతారు. గీతను కూడా పాటే అనుకొని నేర్చుకున్నారు మరి. బోథ్ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నేను ఒక్కసారే అని ఊరుకుంటే, నాకు పాట రాదనుకున్నారు.

అంతలో ఈయన వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. చిన్న ప్లేయర్ ముల్లు మొరటుదట, గట్టిగా నొక్కి రికార్డులను అరగదీస్తుందట. ఆదిలాబాద్‌లో ప్లేయర్లు బాగుచేసే ముష్తాక్ చుట్టూ తిరిగి, చిన్నది అతనికే ఇచ్చేసి, పెద్దది తెచ్చాడు. వేరే స్పీకర్లు, అడుగున రబ్బరు, ముల్లు ఎంత నొక్కాలో తిప్పి పెట్టుకునే బరువు బిళ్ల. దాని పక్కన నీళ్ల గ్లాసు కూడా పెట్టనివ్వడు. నాకు ఒళ్లు మండింది.

అత్తను కూర్చోబెట్టి ఆ పాట పెట్టాడు. అబద్ధమెందుకు, పాడే ఆమె మా ఇంట్లోనే ఉన్నట్టు వినిపించింది. ‘పోయిరా’ వచ్చింది. అత్త సగం లేచింది. ముల్లు ఆగలేదు, పాట ముందుకు వెళ్లిపోయింది. ఆమె మళ్లీ కూర్చుంది.

“ఎట్లున్నది అవ్వా?” అని తల్లిని అడిగాడు ఈయన మురిసిపోతూ.

“మంచిగున్నది బిడ్డా.”

ఆ తర్వాత ఆమె ఆ పాట పెట్టమనలేదు. పెట్టనా అంటే పనుందనేది. ఒకరోజు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే నేనే నిలదీశాను.

“ఏమైంది అత్తా? పాట మంచిగ లేదా?”

“పాటకేమైంది. గక్కడ ఆగుతలేదు గదా జమునా.” కాయ చేతిలోనే ఉండిపోయింది. “పెండ్లిల పిల్ల జీపు ఎక్కేదాంక మీ మామ ముల్లు జరుపకపోతుండె. అవ్వను పట్టుకొని ఏడ్వనియ్యి, మనకేం తొందర అంటుండె. పిల్ల కూసున్నంకనే లేస్తుండె. పాట ఆగితె ఇగ లేస్తడు అనిపిస్తది నాకు. లేవడని తెల్సు. అందుకే నేను లేస్తుంటి.”

నాకు దుఃఖం ముంచుకొచ్చింది, దాని వెనకే కోపం. సాగర్ ఇంటికి రాగానే అందుకున్నాను.

“నీ మిషన్ మీ బాపును ఇంట్లకు రానిస్తలేదు” అని, అత్త చెప్పిందంతా చెప్పాను.

ఆయన ప్లేయర్ ముందు కూర్చొని, ముష్తాక్ కొలిచి పెట్టిన బిళ్లను వెనక్కి తిప్పి ముల్లును తేలిక చేశాడు. తేలికైతే అది గీత దగ్గర ఎగిరి వెనక్కి పడుతుందట. నన్ను ముట్టనివ్వని బిళ్ల అది. పాట పెట్టాడు, ఆగలేదు. ఇంకొంచెం తిప్పాడు.

“రికార్డు ఖరాబ్ కాదా?” అన్నాను.

“గీ ఒక్క పాటకే. అయితె కానియ్యి.”

పోయిరా, పోయిరా, పోయిరా.

వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ప్లేయర్ దగ్గర నిలబడింది. వేలు చాపింది గానీ ముల్లును జరపలేదు. పాట అక్కడక్కడే తిరుగుతోంది.

“జరుపు అవ్వా” అన్నాడు సాగర్.

“ఉండనియ్యి బిడ్డా” అన్నది అత్త. “మనకేం తొందర.”