కబుర్ల వేగం

పళ్ళ డాక్టరమ్మకు ఏ పనైనా మొదలుపెడితే ఆగడం తెలియదు. పరుగు ఒక్కటే ఆమెకు ఆగడం నేర్పింది. పొద్దున్నే లేచి, జుట్టు బిగించి కట్టుకుని, గేటు తీసిందే తడవు వింటిని విడిచిన బాణంలా దూసుకుపోయేది. వీధి మలుపులో బేకరీ ఉంది. అక్కడికి చేరేసరికి గుండె గొంతులోకి వచ్చేది, కళ్ళ ముందు మిణుగురులు తిరిగేవి. బేకరీ మెట్ల మీద కూలబడి, రొట్టెల వాసనతో పాటు కాస్త ఊపిరి కూడా పోగేసుకుని, వచ్చిన దారినే కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరేది.

"పందెంలో కూడా మధ్యలో ఓ బేకరీ పెట్టమని అడుగుదామా?" అనేవాడు భర్త.

పందెమంటే కొండ దారి పందెం. ఊరి చివర అడవి కొండ ఒకటుంది. ఇటు నుంచి ఎక్కి, కొండ నెత్తిన చెట్ల మధ్య సాగి, అటువైపు దిగాలి. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు ఆ ప్రస్తావన వచ్చింది. డాక్టరమ్మ నోరు ఊరుకోక, "అదెంత పని! నేను పరిగెత్తి చూపిస్తా" అనేసింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వనిది ఇద్దరే. ఒకరు బావగారు. ఆయన ఎప్పుడూ నవ్వరు. నీళ్ళ సరఫరా ఆఫీసులో పెద్ద ఇంజినీరు, ఇంట్లో కూడా కుళాయి కట్టేసినట్టే ఉంటారు. రెండో మనిషి ఆయన భార్య, అంటే డాక్టరమ్మ తోడికోడలు. ఆవిడ గిన్నె పక్కకు జరిపి, "నేనూ వస్తాను" అంది. ఆ రెండు ముక్కలే.

తోడికోడలు గ్రంథాలయంలో పని చేస్తుంది. కింది వాటాలో వాళ్ళు, పై వాటాలో వీళ్ళు. మెట్ల దగ్గర ఎదురుపడితే "బాగున్నారా", "బాగున్నాం", అంతకు మించి ఏనాడూ మాట పెరగలేదు. ఆవిడకు కాస్త టెక్కు అని డాక్టరమ్మ అనుమానం. డాక్టరమ్మేమో పుట్టు వాగుడుకాయ. పగలంతా నోళ్ళు తెరిచి కూర్చున్న వాళ్ళను "పిల్లలెంతమంది? సెలవులకు ఎక్కడికి వెళ్తున్నారు?" అని అడుగుతుంది. వాళ్ళు "ఆఁ… ఆఁ…" అంటారు. ఆ వృత్తిలో కబుర్లన్నీ గోడకు చెప్పుకున్నట్టే.

అలాంటి కుర్చీలోకి ఒకరోజు రిటైరైన డ్రిల్లు మాస్టారు వచ్చాడు. దవడ పన్ను పీకాలి. మత్తు సూది ఇచ్చి, అది ఎక్కేలోగా డాక్టరమ్మ తన పరుగు కష్టాలన్నీ ఏకరువు పెట్టింది. బేకరీ మెట్ల సంగతికి వచ్చేసరికి మాస్టారు కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు.

"తఫ్ఫు!" అన్నాడు.

"ఏది తప్పు మాస్టారూ?"

"అంతా తఫ్ఫే! కఫుర్లు! కఫుర్లతో ఫరిగెత్తాలి!"

"కర్పూరమా? నోట్లో వేసుకోవాలా?"

మాస్టారు నుదురు కొట్టుకుని వెనక్కి వాలాడు. పన్ను ఊడింది. అయినా ఆయన ఇంటికి వెళ్ళలేదు. దూది కరుచుకుని బయట బల్ల మీద కూర్చుని, మత్తు దిగగానే మళ్ళీ లోపలికి వచ్చేశాడు. కుర్చీలో అప్పటికే ఇంకెవరో నోరు తెరుచుకుని ఉన్నారు.

"కబుర్లమ్మా, కబుర్లు! పక్కనున్న మనిషితో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే, అదీ నీ వేగం. మాట మధ్యలో తెగిందా, వేగం ఎక్కువైనట్టు. వారంలో ఎక్కువ రోజులు అలాగే. ఒక రోజు మిగతా రోజులకన్నా దూరం. ఒక రోజు కాళ్ళకు పూర్తిగా సెలవు. దూరం పెంచు, కానీ పిల్లికి పాలు పోసినట్టు కొంచెం కొంచెంగా. ఎత్తొస్తే నడువు, సిగ్గుపడకు. నువ్వు పరిగెత్తావో నడిచావో కొండకు పట్టదు. పందెం రోజున కొత్త బూట్లు తొడుక్కున్నావంటే మాత్రం నా గడప తొక్కకు!"

"నేనెందుకు తొక్కుతాను మాస్టారూ, మీరే మళ్ళీ రావాలి. పైపన్ను కూడా ఊగుతోంది" అంది డాక్టరమ్మ. కుర్చీలో ఉన్నాయన "ఆఁ… ఆఁ…" అని నవ్వాడు.

మర్నాడు ఆమె తనలో తాను మాట్లాడుకుంటూ పరిగెత్తింది. పాలాయన సైకిలు దిగి, గోడకు అంటుకుపోయి దారి ఇచ్చాడు. బేకరీ ఆవిడ డాక్టరమ్మ భర్తకు ఫోన్ చేసి, "ఇంట్లో అంతా బాగానే ఉందా అండీ?" అని అడిగింది. ఇక లాభం లేదని డాక్టరమ్మ కింది వాటా తలుపు తట్టింది.

ఇద్దరూ బయల్దేరారు. బేకరీ దాటారు. దాటినట్టు డాక్టరమ్మకు తెలియనే లేదు, అంత మెల్లగా వెళ్తున్నారు. కానీ తోడికోడలి నోట ఉలుకూ పలుకూ లేదు.

"అక్కా, మీరేదైనా చెప్పండి. మాటలుండాలట."

"మీ బావగారికీ నాకూ పెళ్ళెలా కుదిరిందో తెలుసా?"

"పెద్దలు కుదిర్చారు కదా?"

"పెద్దలా! తేనెటీగలు."

డాక్టరమ్మకు కాలు మడతపడబోయింది.

ఆనకట్ట గేట్లు ఎత్తినట్టు మొదలైంది కథ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "ష్" అనడమే ఉద్యోగమైన మనిషిలో ఎన్నేళ్ళ మాటలు ఊరి ఉన్నాయో! వయసులో ఉన్నప్పుడు బావగారు ఏదో పని మీద గ్రంథాలయానికి వచ్చారట. బల్ల వెనక ఈవిడను చూడగానే పనీ మర్చిపోయి, మాటా మర్చిపోయి, చేతికందిన పుస్తకం పట్టుకుని నిలబడ్డారట. అది తేనెటీగల పెంపకం. తీసుకెళ్ళారు. వారం తర్వాత తెచ్చారు. మళ్ళీ అదే తీసుకెళ్ళారు.

"ఎన్నిసార్లు?"

"అట్ట ఊడేదాకా. నేనే అతికించి మళ్ళీ ఇచ్చాను."

గేటు దగ్గరికి రాగానే ఆవిడ టక్కున నోరు మూసింది. "మిగతాది రేపు."

"ఇప్పుడే చెప్పొచ్చు కదా!"

"నిలబడితే రాదు నాకు. కాళ్ళు కదిలితేనే నోరు కదులుతోంది. ఏం చెయ్యను?"

ఆ రోజు నుంచి అలారం మోగకముందే డాక్టరమ్మ లేచి కూర్చునేది. "మీరు చెప్పండి అక్కా" అనడానికి పట్టే ఊపిరితో "చెప్పక్కా" అని రెండుసార్లు అనొచ్చని ఆమె కనిపెట్టింది. ఇంటి చుట్టూ తిరిగే దారి చాల్లేదు, చెరుకు తోటల దాకా వెళ్ళారు. అదీ చాల్లేదు, కొండ మొదలు దాకా వెళ్ళారు. ఎత్తు రాగానే మాట తెగేది. వెంటనే ఇద్దరూ నడకలోకి దిగి, కథ నిలబెట్టుకునేవారు. సెలవు రోజు మాత్రం నరకం. స్క్రూడ్రైవరు కావాలనీ, నిచ్చెన కావాలనీ డాక్టరమ్మ కిందికి నాలుగుసార్లు దిగేది. ఆవిడ నిచ్చెన ఇచ్చి, "మాస్టారి మాట" అని పెదవుల మీద వేలు పెట్టుకునేది.

ఇంతలో కథలో పెద్ద ముడి పడింది. ఒకనాడు గ్రంథాలయంలో ఈవిడ తెగించి, "మీ తేనెటీగలను చూడాలనుంది. మా నాన్నగారు కూడా వస్తానంటున్నారు" అనేసిందట. ఆ మహానుభావుడి దగ్గర ఒక్క ఈగ ఉంటే ఒట్టు. కాళ్ళావేళ్ళా పడి ఎవరి దగ్గరో ఓ పెట్టె సంపాదించి, ఇంటి వెనక పెట్టుకున్నారట. తర్వాత నాన్నగారు రానే వచ్చారు. సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి పందెం రోజు వచ్చేసింది.

పొద్దున్నే భర్త డబ్బా తెరిచి నిప్పుకణికల్లాంటి కొత్త బూట్లు చూపించాడు. డాక్టరమ్మ ఆశగా ఒకసారి తొడిగి, విప్పేసి, పాతవే వేసుకుంది. ఈల మోగింది. జనం దొడ్డి తలుపు తీసిన మేకల మందలా ఎగిరిపడ్డారు. డాక్టరమ్మ కాళ్ళు తమంతట తామే వాళ్ళ వెంట పడబోయాయి.

అక్క చెయ్యి పట్టుకుని లాగింది. "ఎక్కడికే? పెట్టె మూత ఇంకా తియ్యలేదు."

అంతే, డాక్టరమ్మ వేగం దిగిపోయింది. కొండ దారి సన్నం. ఒకరి వెనక ఒకరే వెళ్ళాలి. కాసేపటికి, ఎగిరిపడి వెళ్ళిన వాళ్ళు ఒక్కొక్కరే రొప్పుతూ దారి పక్కన నడుం పట్టుకుని కనిపించారు. వాళ్ళను దాటుకుంటూ వెళ్తుంటే ఈ మాటలు వాళ్ళ చెవిన పడ్డాయి.

"…ముఖానికి పెద్ద రుమాలు కట్టుకుని వచ్చారే ఆయన. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. పలకరిస్తే పలకరు. నాన్నగారు ఏమడిగినా తలూపడమే. చివరికి నాన్నగారే వెళ్ళి పెట్టె మూత తీశారు…"

"తీస్తే?" అంది వెనక నుంచి ఓ మగ గొంతు.

తిరిగి చూస్తే ఓ బస్సు డ్రైవరు. ఆయన వెనక దర్జీ ఆవిడ. ఆవిడ వెనక ఇంకా ఎవరెవరో. డాక్టరమ్మ పక్కకు తప్పుకుని, "వెళ్ళండి, ముందుకెళ్ళండి" అంది.

"నేనెక్కడికీ వెళ్ళను. మూత తీశాక ఏమైందో చెప్పమనండి" అన్నాడు డ్రైవరు.

"తీస్తే, లోపల ఒక్క ఈగ లేదు!"

వార్త వరుసలో వెనక్కి పాకింది. డ్రైవరు దర్జీకి చెప్పాడు, దర్జీ ఇంకొకరికి చెప్పింది. చిట్టచివరి మనిషి దగ్గరికి చేరేసరికి, తేనెటీగలు పెళ్ళికొడుకును ఎత్తుకుపోయాయని తేలింది. "అయ్యో పాపం!" అని కింది మలుపులోంచి కేక వినిపించింది. వరుసంతా నవ్వు పాకింది. నవ్వితే ఊపిరి చాలదు కదా, అందరూ నడిచారు. నడిస్తే మళ్ళీ ఊపిరి వచ్చింది, అందరూ పరిగెత్తారు.

"ఇంతకీ ఎటు వెళ్ళాయక్కా?"

"అదే నాకూ తెలియదే! ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. నోరు విప్పితేనా!"

కొండ నెత్తిన నీళ్ళ పీపాలు పెట్టారు. నీళ్ళ ఆఫీసు వాళ్ళదే ఏర్పాటు. పీపాల పక్కన ఇస్త్రీ చొక్కాతో, చేతిలో జగ్గుతో, కుళాయి కట్టేసిన ముఖంతో బావగారు నిలబడి ఉన్నారు. చెమటలు కక్కుతున్న గుంపంతా ఆయన చుట్టూ మూగింది. ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు.

"ఈయనేనా తేనెటీగల ఆయన?" అడిగింది దర్జీ ఆవిడ.

బావగారి చెవులు ఎర్రబడ్డాయి. భార్య వైపు చూశారు. ఆవిడ నడుం మీద చేతులు వేసుకుంది. "అందరూ అడుగుతున్నారు. చెప్పండి ఈ రోజైనా."

"ఇక్కడ కాదు…" అని గొణిగారాయన.

"అయితే పరిగెత్తుతూ చెప్పండి బావగారూ!" అని డాక్టరమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని దిగుడులోకి లాగేసింది. ఆఫీసు బూట్లు, చేతిలో జగ్గు. కొండ దిగుతుంటే ఆగడం ఎవరి తరం? పది అడుగులు వేశారో లేదో, ఆయన నోటి కుళాయి కూడా తిరిగింది.

"ముందు రోజు సాయంత్రం మూత తీశాను. 'రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు, కాస్త మర్యాదగా ఉండండి' అని చెప్దామని."

"ఈగలకా?"

"ఈగలకే! పెదవి మీద రెండు, ముక్కు మీద ఒకటి కుట్టాయి. మూత వదిలేసి పారిపోయాను. తెల్లారేసరికి పెదవులు దిండ్లలా అయ్యాయి. అందుకే రుమాలు. పెట్టె ఖాళీ అని పొద్దున్నే మళ్ళీ మూత పెట్టేటప్పుడే తెలిసింది."

"మరి అవి?" అంది వెనకే పరిగెత్తుతూ అక్క.

"మీ నాన్నగారు నిలబడ్డ చోట చెట్టుంది గుర్తుందా? ఆయన తలకు జానెడు పైన, గుమ్మడికాయంత ముద్దగా వేలాడుతున్నాయి! చెబుదామంటే పెదవులు కదలవు. చెయ్యి ఊపితే లేస్తాయని భయం. అందుకే చేతులు కట్టుకుని, తలూపడం తప్ప కదలకుండా, మెదలకుండా నిలబడ్డాను. ఆయనేమో నా భుజం తట్టి, 'ఇంత వినయం గల కుర్రాణ్ణి చూడలేదు, పిల్లనిస్తున్నాను' అన్నారు. ఆ వినయానికి పిల్లనిచ్చిన పెద్దాయన ముందు ఇంకెలా నోరు విప్పేది?"

"ఆయన ముందు సరే. మా ముందు?"

"అలవాటైపోయింది" అన్నారు బావగారు చిన్నపిల్లాడిలా.

అక్క దారి మధ్యలో నిలబడిపోయింది. వెనకవాళ్ళందరూ ఒకరి మీద ఒకరు వచ్చి పడ్డారు. ఆవిడ ఓ చెట్టు కావలించుకుని, చప్పుడు లేకుండా, భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వింది. తర్వాత చప్పుడుతో నవ్వింది. గ్రంథాలయంలో దాచుకున్న నవ్వంతా ఆ కొండ మీద ఒలకబోసింది. బావగారు జగ్గులోంచి నీళ్ళు పట్టించబోయి, తనకే నవ్వొచ్చి, ఆవిడ నెత్తిన పోశారు. బావగారి పళ్ళు చూడటం డాక్టరమ్మకు అదే మొదటిసారి. చక్కగా ఉన్నాయి, ఒక్క పిప్పి లేదు.

ముగింపు గీత దగ్గరికి అందరూ కలిసే వచ్చారు, గుంపు గుంపుగా, ఒకేసారి మాట్లాడుకుంటూ. గడియారం పట్టుకున్నాయనకు ఎవరిని ముందు రాసుకోవాలో తోచలేదు. నంబరు లేని బావగారి మెడలోనూ ఎవరో పతకం వేశారు. ఆయన డ్రైవరుకు ఈగల్లో రాణి సంగతి చెబుతూ అది గమనించనే లేదు. డ్రిల్లు మాస్టారు పరుగున వచ్చాడు. "ఇది పందెమా, ఊరేగింపా? మాట ఎక్కడైనా తెగిందా?"

"నవ్వొచ్చినప్పుడు తప్ప లేదు మాస్టారూ! ఇంకో కొండ ఉందా?" అంది డాక్టరమ్మ. ఊపిరి చక్కగా ఆడుతోంది. ఒళ్ళు దూదిపింజలా ఉంది. అప్పటికప్పుడు ఎగిరి చెట్టెక్కమన్నా ఎక్కేట్టుంది.

మర్నాడు తెలిసింది కొండ దిగడమంటే ఏమిటో. మెట్ల మీద మొదటి అడుగు వేయగానే తొడలు కెవ్వుమన్నాయి. కటకటాలు పట్టుకుని వెనక్కి తిరిగి దిగబోయింది. అదీ కుదరక చతికిలబడి, ఒక్కో మెట్టూ పిల్లలు జారినట్టు జారుతూ వచ్చింది. కింద అక్క కుర్చీలో కూర్చోబోయి, సగంలోనే గాల్లో ఆగిపోయి ఉంది, ముందుకూ లేదు వెనక్కూ లేదు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నవ్వించకే, పొట్ట కూడా నొప్పే!" అని అరిచి, అక్క ధబ్బున కుర్చీలో పడింది. లోపలి గదిలో బావగారు ఫోనులో ఎవరికో చెబుతున్నారు, గొంతు ఇల్లంతా మోగుతోంది: "అప్పుడు నేను మూత తీశానండీ…"